పల్లానికి మొహం పెట్టి

సిగరెట్టు వెలిగించుకునే రంధ్రంలో
నా గొంతు గుచ్చి చూశాను ముందు.

మారుతీ ఎయిట్ హండ్రెడ్, నాలుగో చేతి బండి.
గాజువాకలో ఒక క్రేన్ ఆపరేటర్ దగ్గర కొన్నది.
పక్క సీటులో బెల్టు పెట్టుకుని రేడియో.
వింటున్నంతసేపూ బాగానే ఉంది:
కటక్ నుంచి ఎవరో, కొలంబో నుంచి ఎవరో,
మధ్యలో ఎక్కడివో మెరుపుల చిటపట.
మైకు నొక్కి నా పేరు చెప్పబోతే
దీపం మసకబారింది. సెట్టు ఆరిపోయింది.
వెలిగింది. మళ్ళీ ఆరింది.
గట్టిగా అన్న అక్షరమే ముందు చచ్చిపోయేది,
గొణిగింది బతికేది.
కొన్ని ఇంటర్వ్యూల్లో నాకిలాగే జరిగింది గనక
పెద్దగా ఆశ్చర్యపోలేదు.

కంచరపాలెం మెట్టు దగ్గర
ఆటో ఎలక్ట్రీషియన్ పైడిబాబు
డాష్‌బోర్డు కిందికి తల దూర్చి నవ్వాడు.
"ఏటి మేడమ్, ఏనుక్కి స్ట్రా ఏసి నీళ్ళు పడతన్నారా?"
సన్నటి వైరు నా చేతికిచ్చాడు,
వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన పిల్ల మణికట్టులా.
"కరెంటు దార్లోనే అలిసిపోతంది.
పన్నెండు బయల్దేరితే పదే ఒస్తన్నాయి.
మరి దానికి తిండేదీ?"

బోనెట్ ఎత్తి, బ్యాటరీ దగ్గర నుంచే
చిటికెన వేలంత లావు తీగలు రెండు లాగాడు.
ఇంజనుకీ మనకీ మధ్య రేకు గోడ ఉంటుంది కదా,
దాని కన్నానికి రబ్బరు తొడిగి, అందులోంచి.
ఎర్ర తీగకి ఫ్యూజు. నల్ల తీగకి కూడా ఫ్యూజు.
"నలుపుకెందుకు?"
"అందరూ ఎర్రదాన్నే అనుమానిస్తారు మేడమ్.
ఇంజను ఎర్తు తెగిపోయిందనుకోండి,
స్టార్టరు కరెంటంతా ఈ నల్లదాన్లోంచే ఎల్లిపోద్ది.
ఇంక మీ రేడియో బూడిదే."
మూడొందల యాభై తీసుకున్నాడు.
చిల్లర లేదని టీ తాగించాడు.
నేను స్టార్ట్ చేశాక అద్దంలోకి వంగి
ఇంకో మాట చెప్పాడు, అది తర్వాత చెప్తాను.

ఇంజను నడుస్తుంటే చెవిలో దోమ.
యాక్సిలరేటర్ తొక్కితే దోమ గొంతు పెంచుతుంది.
అందుకని యారాడ దిగే కొండదారిలో
జీడిమామిడి తోపు పక్కన ఇంజను ఆపేశాను.
బంపరుకి వెదురు గెడ, గెడకి చుట్టిన తీగ.
కింద చీకట్లో లంగరేసిన ఓడలు
ఎవరి దీపం వాళ్ళు పెట్టుకుని కూర్చున్నాయి.

వినడానికి ఒక ఆంపియరు.
మాట్లాడటానికి ఇరవై.
ఈ లెక్క నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు.
నోరు తెరిస్తే ముల్లు లేస్తుంది,
మాటకీ మాటకీ మధ్య పడిపోతుంది.
"ఆఁ"కి చాలా ఖర్చు.
"ఊఁ"కి అంత లేదు.

తొమ్మిదిన్నరకి పోర్ట్ బ్లెయిర్ దొరికింది.
పేరు దాలినాయుడు. వాళ్ళ తాత సోంపేట నుంచి వెళ్ళాడట.
ఆయనా జీపులోనే ఉన్నాడు, ఇంజను ఆపేసి.
ఆగిపోయిన బండ్లు రెండు,
నడుమ ఉప్పునీళ్ళు.
సిగ్నల్ ఎలా ఉందో చెప్పుకోవడం అయ్యాక అడిగాడు:
"మా అమ్మ నంజుకోడం అనేది. అంటే ఏటండీ?"

పచ్చడి కాదండీ, పచ్చడితో మనం చేసే పని, అన్నాను.
మిరపకాయ కొరకడం కాదు,
అన్నం ముద్దకీ ముద్దకీ మధ్య కొరకడం, అన్నాను.
ఎడం చేత్తో మైకు పట్టుకుని
కుడిచేత్తో చీకట్లో తిని చూపించాను.
మామిడికాయ బద్ద దాకా వెళ్ళాను.
పన్నెండున్నర. పన్నెండు.
పదకొండు పాయింట్ ఆరు.
చూస్తూనే ఉన్నాను, ఆపలేదు.

తాళం తిప్పితే "టక్" అంది, అంతే.
మళ్ళీ తిప్పితే అదీ అనలేదు.

అప్పుడు పైడిబాబు మాట:
"ఎక్కడాపినా పల్లానికి మొహం పెట్టి ఆపండి మేడమ్."
ఆపాను. దైవం మీద నమ్మకం లేదు గానీ
మెకానిక్కుల మీద ఉంది.
హ్యాండ్ బ్రేకు దించితే బండి చప్పుడు లేకుండా దొర్లింది.
తోపు వెనక్కిపోయింది, ఓడలు కొంచెం పైకి లేచాయి.
రెండో గేరులో క్లచ్ వదిలాను.
దగ్గింది, దగ్గింది, అందుకుంది.

దోమ తిరిగొచ్చింది.
దాని వెనక, సెట్టు ఆపడం మర్చిపోయాను కాబోలు,
ఆయన గొంతు, నాతో కాదు, ఎవరితోనూ కాదు,
"నంజుకోడం," అంటోంది,
"నంజుకోడం. నంజుకోడం."